ఫార్మాట్ కొట్టేముందు: ఒడిశా సరిహద్దు ఊళ్లలో లినక్స్ డెస్క్‌టాప్ మరమ్మతు

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి మొరాయిస్తున్న యంత్రాన్ని తీసుకువెళితే, దాన్ని సంచిలోంచి పూర్తిగా బయటికి తీయకముందే వినిపించే మాట ఒకటుంది: ‘ఫార్మాట్ కొట్టేద్దాం.’ వచ్చినవారు తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా జవాబు మారదు. ఇది దుకాణదారుకు పని రాకపోవడం వల్ల పుట్టిన మాట అనుకుంటే పొరపాటే. విండోస్‌లో లోపం ఎక్కడుందో వెతకడానికి ఒక పూట పడితే, అంతా చెరిపి కొత్తగా ఎక్కించడానికి గంట పడుతుంది. చేతికి వచ్చే కూలి మాత్రం రెండింటికీ ఒక్కటే. అందువల్ల ఆ మాట వెనుక లెక్క ఉంది. ఆ లెక్కనే, విండోస్‌కు బదులుగా లినక్స్ ఎక్కించిన యంత్రానికీ వర్తింపజేయడంతోనే చిక్కు మొదలవుతుంది.

అలాంటి యంత్రాలు ఈ ప్రాంతంలో పెరగడానికి తగిన కారణాలే ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం, దాదాపు 2018 తరవాతి తరం ప్రాసెసరు ఉండాలి. తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ పెళ్లి శుభలేఖలు కూర్చే డీటీపీ కేంద్రాల్లోనూ, పిల్లల చదువు కోసం పాతది కొన్న ఇళ్లలోనూ ఉన్న చాలా కంప్యూటర్లు ఈ గీతకు అవతలే మిగిలిపోతాయి. వాటిలో పాత హార్డ్‌డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టి, లినక్స్ రకాలైన ఉబుంటునో లినక్స్ మింట్‌నో ఎక్కిస్తే ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తాయి. నడుస్తున్నంతకాలం ఎవరికీ ఏ సందేహమూ రాదు. ఒక ఉదయం నల్లని తెర మీద తెల్లని అక్షరాలు కనబడి అక్కడితో ఆగిపోయినప్పుడు మాత్రం, దాన్ని చదవకుండానే ‘చెడిపోయింది’ అని తేల్చేస్తారు.

లినక్స్ డెస్క్‌టాప్ ఒకే ముద్దగా పోతపోసిన వస్తువు కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, అంటే యంత్ర భాగాలను నడిపే మూలభాగం, ఒకరి చేతిలోది, గ్నూ పనిముట్లు మరొకరివి, తెర మీద కిటికీలు గీసేది ఇంకొకరిది; డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు వీటన్నిటినీ ఒకచోట చేర్చి అతుకులు వేస్తాయి. కనుక అది చెడినప్పుడు సాధారణంగా ఒక అతుకు ఊడుతుంది గాని మొత్తం కూలదు. బూట్ అయ్యే క్రమంలో ఎక్కడ ఆగిందన్నదే ఏ అతుకు ఊడిందన్నదానికి జవాబు, ఆ జవాబు తెర మీదే ఉంటుంది.

మీట నొక్కగానే మొదట లేచేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరు. కొత్త యంత్రాల్లో అది యూఈఎఫ్‌ఐ రకానికి చెందినది. డిస్కులో ఈఎఫ్‌ఐ విభాగం అనే చిన్న గదిని తెరిచి, అందులోని బూట్‌లోడరును, అంటే వ్యవస్థను లేపే చిన్న కార్యక్రమాన్ని పిలుస్తుంది. కంపెనీ గుర్తు కనబడిన వెంటనే ‘బూట్ పరికరం దొరకలేదు’ అనో, నేరుగా విండోసో వస్తే, లినక్స్‌కు ఏమీ కాలేదు. ఫర్మ్‌వేరు జాబితాలో దాని పేరు చెరిగిపోయింది, అంతే. ఆ పేరు మళ్లీ రాయించడం పది నిమిషాల పని. తరవాతి మెట్టు గ్రబ్ అనే ఆ బూట్‌లోడరే. ‘గ్రబ్’ అన్న ఒక్క మాట పక్కన మినుకుమనే గీత కనబడితే, గ్రబ్ లేచింది గాని తన అమరిక ఫైలు దానికి దొరకలేదని అర్థం. డిస్కు విభాగాలను అటూ ఇటూ జరిపినవారికీ, ఒకదాన్ని తొలగించినవారికీ ఇది తరచుగా ఎదురవుతుంది.

గ్రబ్ తన పని ముగించి కెర్నల్‌నూ, దానితోపాటు ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థనూ మెమరీలోకి ఎక్కిస్తుంది. అసలు డిస్కును వెతికి తెరవడానికి కావలసిన పనిముట్లు ఈ చిన్న మూటలోనే ఉంటాయి. ఇక్కడ యంత్రం రెండు రకాలుగా ఆగిపోవచ్చు. రూట్ ఫైల్‌సిస్టమ్, అంటే వ్యవస్థ ఫైళ్లుండే ప్రధాన విభాగం తెరవలేకపోయానంటూ కెర్నల్ బెంబేలెత్తిపోతే, చాలాసార్లు ఆ మూట సరిగ్గా తయారుకాలేదని అర్థం. బూట్ విభాగం పాత కెర్నళ్లతో నిండిపోయి, కొత్తదానికి చోటు చాలకపోవడం దీనికి మామూలు కారణం. అలాకాక ‘ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్’ అని రాసిన చిన్న ఆదేశ వరుస వద్ద ఆగితే, మూట బాగానే ఉంది, డిస్కు కనబడలేదు లేదా దాని పట్టికల్లో పొరపాటు ఉంది. ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ కార్యక్రమాన్ని అక్కడికక్కడే నడిపిస్తే ఎక్కువ సందర్భాల్లో దారికి వస్తుంది. మొదటి రకానికి మందు ఇంకా సులువు. ఉబుంటు వంటివి కొత్త కెర్నల్ వచ్చినా వెనకటిదాన్ని ఉంచుతాయి. యంత్రం లేచే వేళ ఎస్కేప్ మీట తడితే దాగి ఉన్న గ్రబ్ పట్టిక వస్తుంది, అందులో ముందటి కెర్నల్‌ను ఎంచుకుంటే నిన్నటి కంప్యూటరు మళ్లీ కనబడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక చెరిగిపోయిన డిస్కులు ఎన్నో.

ఆ పైన, మిగతా సేవలన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ అందుకుంటుంది. ఏ విభాగాన్ని ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే చిన్న పాఠ్య ఫైలును చూసి, ఒక్కొక్కదాన్నీ తగిలిస్తుంది. పాత బయటి డిస్కు పేరు ఆ ఫైలులో ఉండిపోయి, ఆ డిస్కు ఇప్పుడు లేకపోతే, సిస్టమ్‌డీ తొంభై సెకన్లు ఓపికగా ఎదురుచూసి, ఆ తరవాత అత్యవసర స్థితిలోకి దిగిపోతుంది. ‘ఎమర్జెన్సీ’ అన్న మాట చూసి గుండె జారిపోయేవారికి తెలియనిదేమిటంటే, అక్కడ కావలసింది ఆ ఫైలులో లేని డిస్కు పేరున్న వరుసను పట్టించుకోకుండా దాని ముందు హ్యాష్ (#) గుర్తు పెట్టడమే. ఇవన్నీ దాటి, పాస్‌వర్డు ఇచ్చాక కూడా తెర వెలిగి ఆరి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంటే, లోపం వ్యవస్థలో కంటే వాడుకరి సొంత ఫైళ్లుండే ఇంటి సంచయంలో (హోమ్) ఉండడానికే అవకాశం ఎక్కువ: డిస్కు నిండిపోయి ఉంటుంది, లేదా సర్వాధికారాలిచ్చే సూడో ఆదేశాన్ని అక్కర లేనిచోట వాడినందువల్ల సొంత ఫైళ్లకు రూట్ అనే సర్వాధికారి ఖాతా యజమాని అయి కూర్చుని ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే వచ్చే అక్షరాల తెరలో కొత్త వాడుకరిని సృష్టించి, ఆ పేరుతో లోపలికి వెళ్లి చూస్తే విషయం తేలిపోతుంది. కొత్త పేరుకు డెస్క్‌టాప్ తెరుచుకుంటే వ్యవస్థ నిక్షేపంలా ఉన్నట్టే.

ఇక ఈ ప్రాంతపు ప్రత్యేక శత్రువు కరెంటు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రాత్రులు గంజాం, గజపతి జిల్లాలవారికి గుర్తే. అయితే కంప్యూటరుకు పెద్ద తుపాను అంత ప్రమాదం కాదు. హెచ్చరిక రాగానే ఎవరైనా ప్లగ్గు పీకేస్తారు. ప్రమాదమంతా ఉరుములతో కూడిన ఒక మామూలు సాయంకాలం, అప్‌డేట్ సగంలో ఉండగా పోయి రెండు నిమిషాల్లో తిరిగివచ్చే కరెంటుతోనే. బ్యాటరీ ఎన్నడో చచ్చిపోయిన యూపీఎస్ బల్ల కింద కీచుమంటూ ఉంటుంది గాని ఆదుకోదు.

అలా సగంలో ఆగిన అప్‌డేట్‌ను చూసి వ్యవస్థ నాశనమైందనుకోవడం సహజం. నిజానికి డెబియన్ కుటుంబంలో ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ ఇలా అర్ధాంతరంగా ఆగిపోవడాన్ని దృష్టిలో పెట్టుకునే నిర్మితమైంది. అది ప్రతి ప్యాకేజీ ఏ దశలో ఉందో, అంటే విప్పడం పూర్తయిందా, అమర్చడం సగంలో ఉందా, అంతా ముగిసిందా అన్నది తన చిట్టాలో ఎప్పటికప్పుడు రాసుకుంటూ పోతుంది. కొత్త ఫైలును పాతదాని మీద నేరుగా రాయకుండా వేరే పేరుతో పక్కన పెట్టి, పూర్తిగా రాశాకే పేరు మారుస్తుంది. పేరు మార్చడమన్నది అయితే అవుతుంది, లేకపోతే లేదు. సగం మారడం ఉండదు. కింద ఉన్న ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ కూడా తన మార్పులను ముందుగా జర్నల్ అనే పద్దులో రాసుకుంటుంది కనుక, కరెంటు వచ్చాక ఆ పద్దు చూసి లెక్క సరిచేసుకుంటుంది. కొట్లో గుమాస్తా సరుకు కదిలించేముందు చిట్టాలో రాసినట్టే ఇదీ. అందువల్ల మళ్లీ యంత్రం వెలిగించి అప్‌డేట్ ప్రయత్నిస్తే, ‘పని మధ్యలో ఆగింది, ఫలానా ఆదేశం నడపండి’ అని డీపీకేజీని నడిపించే ఏపీటీ అనే పనిముట్టే చెబుతుంది. నడపవలసిన ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా అదే చూపిస్తుంది. డెస్క్‌టాప్ రాకపోయినా ఈ పని అక్షరాల తెరలోనే జరిగిపోతుంది. యంత్రం అసలు లేవకపోతే, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో లేపి, లోపలి డిస్కును తగిలించి, సీహెచ్‌రూట్ అనే ఆదేశంతో ఆ డిస్కులోని వ్యవస్థలోకే అడుగుపెట్టి, అదే ఆదేశం నడపవచ్చు. పెన్‌డ్రైవ్ కెర్నల్ బయట కాపలా ఉంటుంది, లోపల పనిచేసేవి మాత్రం రోగి సొంత పనిముట్లే. ఫెడోరా కుటుంబంలో పనిముట్ల పేర్లు వేరు, పద్ధతి ఇదే. లినక్స్ మరమ్మతులో నేర్చుకోదగ్గ విద్య ఒక్కటే ఉందంటే అది సీహెచ్‌రూటే. గ్రబ్ తిరిగి ఎక్కించడం, మరిచిన పాస్‌వర్డు మార్చడం, చెడిన గ్రాఫిక్స్ డ్రైవరు తీసేయడం అన్నీ ఆ తలుపు గుండానే జరుగుతాయి.

పూర్తిగా లినక్స్‌కే మారిపోయిన డీటీపీ కేంద్రాలు తక్కువ. తెలుగు కూర్పుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి, వాటితో ఏళ్లుగా పోగుపడిన పేజీమేకరు ఫైళ్లు విండోస్‌ను వదలనివ్వవు; అందుకని ఒకే డిస్కులో రెండూ ఉంటాయి. రెండు వ్యవస్థల కాపురంలో మొదట కనబడే గొడవ గడియారం. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో మన స్థానిక సమయాన్ని రాస్తుంది. లినక్స్ ఆ గడియారం గ్రీన్విచ్ సమయం చూపుతోందనుకుని దానికి ఐదున్నర గంటలు కలుపుతుంది. ఉదయం పదింటికి లినక్స్ తెరిస్తే మధ్యాహ్నం మూడున్నర కనబడుతుంది. ఇంటర్నెట్ ద్వారా లినక్స్ తన సమయం సరిదిద్దుకుని గడియారంలో గ్రీన్విచ్ సమయం రాశాక, ఈసారి విండోస్ తెరిస్తే తెల్లవారుజామున నాలుగున్నర. తేడా కచ్చితంగా 5.30 గంటలు ఉంటే అది చెడిపోవడం కాదు, పొంతన లేకపోవడం. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో లినక్స్‌ను స్థానిక సమయానికి ఒప్పించవచ్చు. తేడా ఏళ్లలో ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. దాన్ని ఎలక్ట్రికల్ కొట్లో కొనుక్కోవచ్చు. అయితే దాని ప్రభావం గడియారంతో ఆగదు: తారీఖు వెనక్కి పోవడంతో వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అనిపించుకుంటాయి, ప్యాకేజీల జాబితా మీది సంతకాన్ని వ్యవస్థ నమ్మదు, బ్రౌజరూ అప్‌డేటూ రెండూ ఒకేసారి మొరాయిస్తాయి. ఇంటర్నెట్ చెడిందని రౌటరు మార్చినవారు దీనివల్లనే మోసపోతారు.

రెండో గొడవ అంత అమాయకమైనది కాదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ పాత, లోపాలున్న లినక్స్ బూట్‌లోడర్లను అడ్డుకునేందుకు ఎస్‌బాట్ అనే నిషేధ నియమాన్ని ఫర్మ్‌వేరులో రాసింది. రెండు వ్యవస్థలున్న యంత్రాలకు ఇది వర్తించదని అనుకున్నా, ఆచరణలో చాలామంది లినక్స్ మరునాడు లేవలేదు; ‘భద్రతా విధాన ఉల్లంఘన’ అన్న వాక్యం చూపి యంత్రం ఆగిపోయింది. లినక్స్ వైపు ఒక్క ఫైలు కూడా మారకుండానే లినక్స్ ఆగిపోవడమే ఇందులోని విచిత్రం. నమ్మదగిన బూట్‌లోడర్లనే అనుమతించే సెక్యూర్ బూట్ అనే ఫర్మ్‌వేరు అమరికను తాత్కాలికంగా ఆపి, లినక్స్ లోపలికి వెళ్లి ఆ నియమాన్ని తొలగించి, అప్‌డేట్లు ఎక్కించి తిరిగి దాన్ని వెలిగించడం దానికి పరిష్కారమైంది. ఆ రోజున ఫార్మాట్ కొట్టినవారు చెరిపింది రోగాన్ని కాదు. రోగం డిస్కులో లేదు, ఫర్మ్‌వేరులో ఉంది.

రెండు భాషల ప్రాంతం కావడం వల్ల వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి, వీటి ప్రస్తావన ఆంగ్ల మార్గదర్శకాల్లో దాదాపు కనబడదు. యంత్రాన్ని ఎక్కించేటప్పుడే భాషగా తెలుగు ఎంచుకుంటే డెస్క్‌టాప్ అంతా చక్కని తెలుగులో వస్తుంది. కాని చెడిన రోజున డెస్క్‌టాప్ ఉండదు. మిగిలేది కెర్నల్ చూపే అక్షరాల తెర. దానికి 512కు మించి అక్షర రూపాలు పట్టవు, వత్తులనూ గుణింతాలనూ కలిపి చూపే శక్తి లేదు. ఫలితంగా సరిగ్గా చదవవలసిన వేళ, చదవవలసిన సందేశం డబ్బాల వరుసగా మారిపోతుంది. ఒడియాకూ ఇదే గతి. ‘లాంగ్’ అనే అమరికను ఆ పూటకు ‘సీ’ అని మార్చి అదే ఆదేశాన్ని మళ్లీ నడిపితే సందేశం ఆంగ్లంలో కనబడుతుంది. మాతృభాషలో కంప్యూటరు వాడాలనుకునేవారిని ఇది నిరుత్సాహపరచకూడదు. డెస్క్‌టాప్ తెలుగులో ఉంచుకుని, వ్యవస్థ మొత్తానికి సంబంధించిన అమరిక మాత్రం ఆంగ్లంలో ఉంచుకోవడం మధ్యేమార్గం.

కీబోర్డు మరింత మాయ చేస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో భారతీయ లిపులన్నిటికీ ధ్వనిని బట్టి ఒకే చోటు. తెలుగు ‘క’ ఉన్న మీట మీదే ఒడియా ‘క’ ఉంటుంది. శుభలేఖ ఒక వైపు తెలుగు, మరో వైపు ఒడియా కూర్చేవారికి ఇంతకంటే అనువైనది లేదు, ఒకసారి వేళ్లకు పట్టుబడితే రెండు భాషలూ వచ్చినట్టే. కాని ఇన్‌స్క్రిప్ట్‌నే మొదటి అమరికగా పెట్టుకుంటే పాస్‌వర్డు అడిగే చోట కూడా అదే పనిచేయవచ్చు. చుక్కలు మాత్రమే కనబడే ఆ గడిలో ఆంగ్ల అక్షరాలనుకుని కొట్టినవి తెలుగు అక్షరాలుగా పడతాయి, పాస్‌వర్డు తప్పంటుంది, పదిసార్లు కొట్టాక యంత్రం దుకాణానికి చేరుతుంది. తెర మూలనున్న భాష గుర్తు మీద ఒక్క నొక్కు చాలు.

స్వయంగా చేసుకునే నష్టాలకు లెక్కలేదు గాని, వాటిలో ఒకటి ప్రపంచమంతా చూసింది. 2021 నవంబరులో లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ చానెల్ నిర్వాహకుడు, టోర్వాల్డ్స్‌కూ ఈయనకూ పేరు తప్ప సంబంధం లేదు, పాప్ ఓఎస్ అనే లినక్స్ పంపిణీ మీద స్టీమ్ అనే ఆటల కార్యక్రమం ఎక్కించబోయాడు. ప్యాకేజీల మధ్య పొంతన కుదరని ఒక లోపం వల్ల, స్టీమ్ ఎక్కాలంటే డెస్క్‌టాప్‌ను తొలగించాలని ఏపీటీ లెక్కగట్టింది. అది ముఖ్యమైన ప్యాకేజీలు పోతాయని హెచ్చరించి, ఖాయమైతే ‘అవును, చెప్పినట్టే చెయ్యి’ అన్న పూర్తి వాక్యాన్ని ఆంగ్లంలో కొట్టమని అడిగింది. ఆయన కొట్టాడు. డెస్క్‌టాప్ పోయింది. దీనిలో తప్పు వాడినవారిదా, తయారుచేసినవారిదా అని చాలాకాలం వాదులాట నడిచింది. ఆటల కార్యక్రమం అడిగినందుకు డెస్క్‌టాప్‌ను తీసేయబోవడమే తప్పని ఒప్పుకోక తప్పదు. అయితే మరమ్మతు కోణంలో చూస్తే ఆ యంత్రం కూడా చచ్చిపోలేదు. అక్షరాల తెర మిగిలే ఉంది. అక్కడినుంచి డెస్క్‌టాప్ ప్యాకేజీని ఒక్క ఆదేశంతో తిరిగి ఎక్కించవచ్చు. తొలగింపుల జాబితా ఎక్కింపుల జాబితా కంటే పొడవుగా ఉన్నప్పుడు ‘వై’ కొట్టకుండా ఆగడం ఎవరైనా అలవరచుకోదగ్గ జాగ్రత్త. తిరిగి తీసుకోలేని నష్టం దీనికంటే చిన్నగా కనబడే చోట ఉంది: ఏదో ఫైలు తెరుచుకోలేదని వ్యవస్థ సంచయాల మొత్తానికీ ఒకేసారి అనుమతులు మార్చేయడం. ఏ ఫైలుకు ముందు ఏ అనుమతి ఉండేదో ఆ తరవాత చెప్పగలిగేది పాత ప్రతి ఒక్కటే.

ఆ పాత ప్రతి కోసమే లినక్స్ మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే కార్యక్రమం ముందుగానే అమర్చి ఉంటుంది. మారని ఫైళ్లను మళ్లీ నకలు తీయకుండా పాతవాటికే గొలుసు వేస్తుంది కనుక, పది రోజుల ప్రతులు పది రెట్లు చోటు తినవు. ప్రయోగం మొదలుపెట్టేముందు ఒక ప్రతి తీసుకుంటే, పెన్‌డ్రైవ్ నుంచైనా దాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. ఫెడోరా వర్క్‌స్టేషన్ 2020లో వచ్చిన 33వ విడుదల నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌నే వాడుతోంది. అందులో ప్రతి తీయడం క్షణాల పని. టైమ్‌షిఫ్ట్ సహజంగా ఇంటి సంచయాన్ని ముట్టదన్నది మరవరాదు: శుభలేఖల ఫైళ్లు అందులో ఉండవు, వాటికి వేరే డిస్కు కావలసిందే.

ఫార్మాట్ కొట్టడమే సరైన పని అయ్యే సందర్భం ఒకటుంది, అప్పుడు కూడా పాత డిస్కు మీద కాదు. ఎన్ని మరమ్మతులు చేసినా వారం తిరక్కుండా అదే లోపం మరో ఫైలులో తలెత్తుతుంటే, కెర్నల్ సందేశాల్లో డిస్కు పేరుతో ‘ఐ/ఓ ఎర్రర్’ పదేపదే కనబడుతుంటే, అనుమానించవలసింది లినక్స్‌ను కాదు. స్మార్ట్‌సీటీఎల్ అనే కార్యక్రమం డిస్కు తన గురించి తాను రాసుకున్న ఆరోగ్య పత్రాన్ని చదివి వినిపిస్తుంది. అందులో చెడి పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య, మార్చడానికి వరుసలో ఉన్న సెక్టార్ల సంఖ్య పెరుగుతూ పోతుంటే ఎఫ్‌ఎస్‌సీకే మళ్లీ మళ్లీ నడపడం ఆ డిస్కును ఇంకా త్వరగా చంపడమే. డీడీరెస్క్యూ అనే నకలు తీసే కార్యక్రమంతో మొదట చదవగలిగినదంతా వేరే డిస్కులోకి నకలు తీసుకుని, ఫైళ్లు చూసుకున్నాక పాతదాన్ని విప్పి పక్కన పెట్టాలి. కొత్త డిస్కు దొరకకపోతే, భువనేశ్వరం నుంచో విశాఖపట్నం నుంచో వచ్చేదాకా పెన్‌డ్రైవ్ లినక్స్‌తోనే యంత్రం నడుస్తుంది.